యుద్ధం నిలబెట్టిన బీన్స్ డబ్బా

ఇంగ్లండ్‌లో కాల్చిన బ్రెడ్ మీద వేడివేడిగా పోసుకు తినే బేక్డ్ బీన్స్‌ను అక్కడివాళ్లు తమ సొంత తిండిగా చూస్తారు. ఆ గింజ మాత్రం ఆ నేలది కాదు. మన రాజ్మా జాతిదే, పుట్టిల్లు అమెరికా ఖండం. బ్రిటన్ చలికి సరిగా పండదు కాబట్టి ఇప్పటికీ ఎక్కువగా ఉత్తర అమెరికా నుంచే వస్తుంది. వార్విక్ విశ్వవిద్యాలయం ఆ వాతావరణానికి తగ్గట్టు రూపొందించిన ‘కాపులెట్’ రకం 2023లో లింకన్‌షైర్ పొలాల్లో కోతకొచ్చింది.

డబ్బా కథ ఇంకా పాతది. ఆహారాన్ని గాలి చొరకుండా మూసి మరిగిస్తే నిల్వ ఉంటుందని గాజు సీసాలతో చూపించిన నికోలా అపేర్‌కు ఫ్రెంచి ప్రభుత్వం 12 వేల ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. 1810లో లండన్‌లో పీటర్ డ్యురాండ్ ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. తగరం పూసిన రేకు డబ్బాలు కూడా అందులో ఉన్నాయి. 1813కల్లా బ్రయాన్ డాంకిన్ బృందం లండన్‌లోని బెర్మండ్సీలో ఈ డబ్బాల కర్మాగారం నడిపింది. ఆ డబ్బాలు తెరవాలంటే ఉలి, సుత్తి కావాల్సిందే! లోపలి పదార్థం ఎందుకు చెడదో, సూక్ష్మజీవుల గుట్టు విప్పిన శాస్త్రవేత్త పాశ్చర్ వచ్చేదాకా ఎవరికీ అంతుబట్టలేదు.

బేక్డ్ బీన్స్ తయారీలో గింజల్ని టమాటా సాస్‌తో పాటు డబ్బాలో నింపి, మూత బిగించాక, ఆవిరి పీడనంతో డబ్బాలోనే ఉడికిస్తారు. బొటులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషబాధను కలిగించే మొండి బాక్టీరియా బీజాలు మరిగే నీటికి లొంగవు. వాటిని చంపడానికి దాదాపు 121 డిగ్రీల వేడి కావాలి. ఏళ్ల తరబడి నిల్వ ఉండే రహస్యం ఈ వేడిలోనే ఉంది, ఏ రసాయనంలోనూ కాదు.

అమెరికాకు చెందిన హైంజ్ సంస్థ 1901లో ఉత్తర ఇంగ్లండ్‌లో ఈ బీన్స్ అమ్మకం మొదలుపెట్టి, 1928లో లండన్‌లోని హార్లెస్‌డెన్‌లో తయారీకి దిగింది. కానీ సామాన్యుడి వంటింట్లో వీటిని నిలబెట్టింది రెండో ప్రపంచయుద్ధమేనని నా నమ్మకం. మాంసం కరువైన రోజులవి. 1941 డిసెంబరులో పాయింట్ల రేషన్ వచ్చింది. మొదట మనిషికి నాలుగు వారాలకు 16 పాయింట్లు. డబ్బా మాంసమో, చేపో, బీన్సో ఏది కొనాలో ఇల్లాలే తేల్చుకోవాలి. అప్పటిదాకా బీన్స్‌లో కలిసివచ్చే పంది మాంసం ముక్క కూడా ఆ కరువులోనే మాయమైంది. చవకగా మాంసకృత్తులు, పీచు ఇచ్చే శాకాహారం మిగిలింది. ఆ గిరాకీతోనే 1959లో విగాన్ దగ్గర కిట్ గ్రీన్‌లో హైంజ్ భారీ కర్మాగారం లేచింది.

బ్రిటన్‌లో చదువుకుంటూ ఈ బీన్స్‌కు ఉల్లిపాయ, పచ్చిమిర్చి పోపు పెట్టుకునే మన పిల్లలకు ఒక మాట: డబ్బా మీద ఉప్పు, చక్కెర ఎంతో చూసి కొనండి. ఉబ్బిన డబ్బా కనిపిస్తే రుచి కూడా చూడకుండా పారేయండి.