కొయ్యముఖము వెనుక పలుకు పితరులు

వస్తుప్రదర్శనశాలలలో, అద్దపు బీరువాలయందు, ఆఫ్రికా ఖండపు కొయ్యముఖములను చూచినవారు వానిని శిల్పములని తలంచుట సహజము. కాని నైజీరియా దేశపు ఆగ్నేయభాగమున నివసించు ఇగ్బో జనులకు కొయ్యముఖము సగము వస్తువు మాత్రమే. ముఖము, నిలువెల్ల కప్పు వస్త్రము, మార్చిన కంఠస్వరము, వాద్యము, నృత్యము, చుట్టును మూగిన ఊరు – ఇవన్నియు కూడినప్పుడే అది ‘మ్మన్వు’ అగును. మ్మన్వు అనగా పితృలోకమునుండి జీవుల నడుమకు అతిథిగా వచ్చిన ఆత్మ.

ఈ ఆత్మలలో సౌమ్యములును కలవు, ఉగ్రములును కలవు. ‘అగ్బోగో మ్ముఒ’ కన్యారూపము. తెల్లని మోము, సన్నని ముక్కు, చిన్ని నోరు, తలపై గోపురమువంటి కేశాలంకారము దాని లక్షణములు. కన్యరూపమే అయినను దానిని ధరించి ఆడువారు పురుషులే. ‘మ్గ్బెదికె’ అనునది దీనికి ప్రతిగా నల్లని భీకరముఖము. కొమ్ములతో, కోరలతో శౌర్యమును ప్రకటించును.

ఇవి వినోదమాత్రములు కావు. రాజులు లేక పెద్దల సభలచే నడచిన గ్రామములు పెక్కు గల ఆ సీమలో, తగవులు తీర్చుట, అపరాధము విధించుట, కట్టుబాట్లను నిలుపుట కూడ ముసుగుల పనియై యుండెను. పొరుగువాడు తీర్పు చెప్పిన పక్షపాతశంక పుట్టును. పితరుడు చెప్పిన పుట్టదు. మనకిది వింతగా తోపనక్కరలేదు. రాష్ట్రపతి పేరిట వెలువడు ఉత్తర్వు క్రింద చేవ్రాలు చేయు అధికారి మనలో ఒకడే. అయినను అందు పలుకునది ఆ వ్యక్తి కాదు, రాజ్యము.

కావుననే ముసుగు వెనుకనున్నవాని పేరెత్తుట మహాపరాధము. చినువా అచెబె 1958లో ప్రకటించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలలో, ఒక ముసుగు నడక తమ భర్త నడకవలె నున్నదని ఇల్లాండ్రు గుర్తించి యుందురేమో గాని, ఆ మాట నోట రానీయరు. ఎరిగియు ఎరుగనట్లుండుటయే ఆ సమాజమును నిలిపిన ఒడంబడిక.

1857లో ఒనిత్షా పట్టణమున క్రైస్తవ మిషను వెలసెను. 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆంగ్లేయుల పాలన లోపలి గ్రామములకు వ్యాపించెను. తీర్పు చెప్పు అధికారము ముసుగులనుండి న్యాయస్థానములకు మారెను. అదే నవలలో, మతము మారిన ఒక యువకుడు నలుగురిలో ముసుగును లాగివేయగా, ఊరు ఒక పితరుని చంపినట్లే కలతజెందును. మరునాడు ముసుగులన్నియు కూడి దేవాలయమును నేలమట్టము చేయును. కథ వినాశమువైపు మరలుట అచ్చటనే.

అయినను మ్మన్వు నశింపలేదు. 1967–70 నాటి అంతర్యుద్ధమున ఆ సీమ అపారముగ నష్టపడినను, వేషములు మరల లేచినవి. అన్నింట పెద్దది ‘ఇజెలె’. వెదురు చట్రముపై రంగుల వస్త్రముతో సుమారు 4 మీటర్ల ఎత్తున దానిని నిర్మింతురు. 100 మంది 6 నెలలు శ్రమింతురు. 2009లో యునెస్కో దానిని మానవజాతి అమూర్త వారసత్వ సంపదల పట్టికలో చేర్చినది.

ఇకముందు అద్దపు బీరువాలో కొయ్యముఖము కనబడినప్పుడు దాని చెక్కడపు నైపుణ్యమును తప్పక మెచ్చుకొందము. కాని అచ్చట లేనివానిని – వస్త్రమును, స్వరమును, మౌనము పాటించిన ఊరిని – కూడ స్మరింపవలెను. అవి లేనిదే ఆ ముఖమునకు మాట లేదు.