మన్యంలో సర్కారు శాఖలు

ప్రభుత్వ శాఖల విభజనను మనం పౌరశాస్త్రం తరగతిలో ఒక పట్టికగా నేర్చుకున్నాం, పట్టికగానే నేర్పుతున్నాం. రాజ్యాంగం 77వ అధికరణం కింద 1961లో వెలువడిన నిబంధనలు కేంద్రంలో ఏ విషయం ఏ మంత్రిత్వశాఖకు చెందుతుందో నిర్ణయిస్తున్నాయి. పైకి ఇది గుమాస్తాల వ్యవహారం. కాని ఒక విషయం ఏ శాఖ చేతిలో వుంటే, రాజ్యం దాన్ని ఆ శాఖ కళ్లతోనే చూస్తుంది. అరకు, పాడేరు, గూడెం కొండల చరిత్ర యీ సంగతిని స్పష్టంగా చెబుతున్నది.

బ్రిటిషువారు మొదట యీ కొండల్లో శాఖలను విడదీయలేదు, కలిపేశారు. గుంసూరు, పర్లాకిమిడి తిరుగుబాట్లను అణచిన తర్వాత, 1839లో 24వ చట్టం చేసి, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించారు. కలెక్టరే గవర్నరు ఏజంటు. శిస్తు వసూలు చేసేవాడూ అతడే, తీర్పు చెప్పేవాడూ అతడే. ‘ఏజన్సీ’ అన్న మాట మనకు అక్కడి నుంచే వచ్చింది. గిరిజనుల రక్షణ కోసమే యీ ఏర్పాటు అన్నారు. కాని ఫిర్యాదు ఎవరి మీదనో, విచారణ కూడా వారి దగ్గరే అయినప్పుడు రక్షణకు అర్థమేమిటి?

ఆ తర్వాత శాఖలు ఒక్కొక్కటే కొండెక్కాయి. అబ్కారీ వచ్చింది, పొరుగున గోదావరి మన్యంలో కల్లు మీద పన్ను, గుత్తేదార్ల దౌర్జన్యం 1879 రంప పితూరీకి ముఖ్య కారణాలయ్యాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో అటవీశాఖకు కోరలు మొలిచాయి. తాతల నాటి పోడు నేరమయింది. తర్వాత రోడ్లు వచ్చాయి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులచేత బలవంతంగా రోడ్డు పని చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడిందంటే, దాని వెనుక యిన్ని శాఖల బరువు వుంది. అడవి గిరిజనుడికి ఇల్లు, పొలం, మందుల సంచి. సర్కారుకు మాత్రం వేర్వేరు పద్దులు.

స్వాతంత్ర్యం తర్వాత ఏం మారింది? అయిదవ షెడ్యూలు వచ్చింది; దాని కింద 1959, 1970 భూబదలాయింపు రెగ్యులేషన్లు వచ్చాయి. ఇవి చిన్న విజయాలు కావు. కాని ఢిల్లీలో గిరిజన వ్యవహారాలు 1985 వరకు హోం మంత్రిత్వశాఖలో ఒక మూల వున్నాయి. తర్వాత సంక్షేమ శాఖకు, 1998లో సామాజిక న్యాయ శాఖకు మారాయి. ప్రత్యేక మంత్రిత్వశాఖ 1999లో గాని ఏర్పడలేదు. అడవులు వేరే శాఖ, గనులు వేరే శాఖ. అరకు కాఫీతోటనే చూడండి: నీడ చెట్టు అటవీశాఖ చూపులో వుంటుంది, కాఫీ బోర్డు కేంద్ర వాణిజ్య శాఖ కింద వుంటుంది, మొక్కలు నాటించేది సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ. ఒక్క వాలు మీద ముగ్గురు యజమానులు. గింజ కోసేవాడు ఒక్కడే.

ఈ చిక్కుముడికి ఒక కొస 1997లో బయటపడింది. బొర్రా ప్రాంతంలో ప్రభుత్వం గిరిజనేతర కంపెనీలకిచ్చిన గనుల లీజులను ‘సమత’ సంస్థ సవాలు చేసింది. గిరిజనేతరుడికి భూమి బదలాయించరాదన్న నిషేధం ‘వ్యక్తి’కి వర్తిస్తుంది, మరి ప్రభుత్వం వ్యక్తేనా? అవునని జూలై 11న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. అంటే ఒక శాఖ గిరిజనుడి పేర కాపాడుతున్న నేలను మరో శాఖ లీజుకు రాసివ్వడం చెల్లదు.

రెండవ కొస 2006 మార్చిలో దొరికింది. 1961 నాటి నిబంధనలను సవరించి, అటవీభూములపై గిరిజనుల హక్కుల విషయాన్ని గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖకు అప్పగించారు. పట్టికలో ఒక్క పంక్తి మారింది. ఆ ఏడాదే పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. పోడు మొదటిసారి నేరంగా కాక, హక్కుగా కాగితం మీదికి వచ్చింది. ఆ పంక్తి దానంతటది మారలేదు. దేశమంతటా ఆదివాసులు చేసిన ఆందోళన దాన్ని కదిలించింది.

శాఖలన్నిటినీ ఒక్క అధికారి కిందికి తెస్తే చాలునని కొందరు మిత్రులంటారు. 1839లో జరిగింది అదే కదా! విడివిడి శాఖలు పీడించాయి, ఏక హస్తమూ పీడించింది. కాబట్టి అసలు ప్రశ్న శాఖలు ఎన్ని అన్నది కాదు, అవి ఎవరికి జవాబు చెబుతాయన్నది. హక్కుల చట్టం తొలి నిర్ణయాన్ని గ్రామసభకిచ్చింది. కాని దాని పైన డివిజను కమిటీలో, జిల్లా కమిటీలో మళ్లీ అటవీ, రెవెన్యూ అధికారులే కూర్చుంటున్నారు. 2022లో యీ కొండలకు అల్లూరి పేర జిల్లా ఏర్పడింది. పేరు పెట్టడం సులువు. పోడు మీద గ్రామసభ చెప్పిన మాటను ఏ శాఖా కొట్టివేయలేని రోజున, చింతపల్లి స్టేషను ముందు వేసిన ప్రశ్నకు జవాబు దొరికినట్టు.