ఏడుపాయల జాతరలో చేతివృత్తుల కాలనిర్ణయము

మెదకు సీమయందు మంజీర యేడు పాయలై చీలుచోట వెలసిన వనదుర్గాభవాని సన్నిధిని, మాఘ బహుళ చతుర్దశినాడు మొదలై మూడు దినములు సాగు శివరాత్రి జాతర, యజమాని లేక తన చేతిపనినే నమ్ముకొని బ్రదుకు కుమ్మరికిని, మేదరికిని, చిల్లర వర్తకునికిని ఏ పనికి ఎంత ప్రొద్దు వెచ్చింపవలెనో నిర్ణయించు గడువు. 1905లో నిజాము ప్రభుత్వము ఘనపురము ఆనకట్ట నిర్మించి, మహబూబు నహరు, ఫతే నహరు అను కాలువల నీరు పారించిన పిమ్మట, ఆ దినములందే యాసంగి వరిచేలును కాపుల శ్రద్ధను కోరసాగెను. వంతునీరు తప్పిన పైరు ఎండును. జాతర దాటిన బోనపుకుండ కొనువారు లేక మిగులును. దేనిని ముందుంచవలెనో ఆజ్ఞాపించు అధికారి లేకయే తేల్చుకొనిన ఈ కాపుల, చేతిపనివారి వివేకము నాకు పూజనీయము. మన చరిత్రకారులు రాజశాసనములతోపాటు వీరి పనిదినములను గూడ వ్రాయవలెను.