రోమను సైనికుడి మూపున మూట

లాటిన్‌లో మోయాల్సిన భారం ఏదైనా ‘ఓనుస్’. సైనికుడు తన మూపున మోసే మూటకు మాత్రం ‘సార్కినా’ అని వేరే పేరు. కంచరగాడిదల మీద వెనకాల వచ్చే దండు సామాను ‘ఇంపెదిమెంతా’, అంటే కాళ్లకు అడ్డం పడేది. ఈ బరువులేవీ లేకుండా పోరుకు సిద్ధంగా నడిచేవాడు ‘ఎక్స్‌పెదితుస్’.

క్రీ.పూ. 107లో కాన్సుల్ అయిన మారియుస్ సామానులో చాలా భాగం సైనికుల భుజాలకే ఎత్తాడని చెబుతారు. వారికి ‘మారియుస్ కంచరగాడిదలు’ అన్న పేరు నిలిచిపోయింది. రంపం, బుట్ట, పలుగు, గొడ్డలి, కొడవలి, మూడు రోజుల తిండి కూడా సైనికుడే మోసేవాడని క్రీ.శ. 1వ శతాబ్దపు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. కొత్తగా చేరినవారికి 60 రోమను పౌండ్లు, అంటే సుమారు 20 కిలోలు, మోయించి నడక నేర్పాలని రోమను యుద్ధశాస్త్ర రచయిత వెగెతియుస్ చెప్పాడు.

ఈ బరువు ఎంత ప్రమాదమో క్రీ.పూ. 57లో గాల్‌లోని సాబిస్ నది ఒడ్డున తేలింది. రోమను సేనాని సీజర్ దండులో ఒక్కో లీజియన్‌కూ (వేల మంది సైనికుల దళానికి) మధ్య సామాను బారులు తీరి వస్తుందని, మూటలు దించకముందే మొదటి లీజియన్ మీద పడితే గెలుపు సులువని నెర్వీ తెగకు వేగు అందింది. వాళ్లు అడవిలో పొంచి ఉన్నారు. శత్రువు దగ్గరపడ్డాడని సీజర్ వరుస మార్చాడు: ముందు మూటల్లేని ఆరు లీజియన్లు, వాటి వెనక మొత్తం సామాను, చివర కొత్తగా చేర్చుకున్న రెండు లీజియన్లు. సామాను కనబడగానే నెర్వీలు నది దాటి విరుచుకుపడ్డారు. అప్పటికి రోమన్లు శిబిరానికి కందకం తవ్వుతున్నారు. శిరస్త్రాణం పెట్టుకునే వ్యవధి లేదు, డాళ్ల మీది తొడుగులు తీసే తీరిక లేదు. సీజర్ వెనక వరుసలోని సైనికుడి డాలు లాక్కుని తానే ముందుకు ఉరికాడు. నది అవతలికి వెళ్లిన పదో లీజియన్ తిరిగొచ్చాకే గండం గడిచింది. బరువును విడిగా ఉంచిన ఆ ముందుచూపు లేకుంటే ఆ రోజు సీజర్ దండుకు మరింత ప్రమాదం ఉండేది.

తర్వాతి కాలంలో ప్రభుత్వ తపాలా బళ్లకూ హద్దులు వచ్చాయి: క్రీ.శ. 357 నాటి శాసనం పెద్ద బండికి 1000 పౌండ్లు, రెండు చక్రాల బండికి 200, గుర్రానికి 30 మించకూడదంది. మధ్యయుగంలో బరువులు మోసే ‘బాయులుస్’ అధికారి అయ్యాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో వెనిస్ రాయబారి ‘బైలో’ ఆ మాట వారసుడే. మోయడమనే ‘పోర్తారే’ నుంచి వచ్చిన ‘పోర్టర్’ ఇంగ్లీషు ద్వారా మన రైల్వేస్టేషన్లకూ చేరాడు. ‘ఓనుస్’ న్యాయస్థానాలకు వెళ్లింది. ఆరోపించినవాడిదే రుజువు భారమన్న రోమను సూత్రం 1872 నాటి భారత సాక్ష్య చట్టంలోనూ, 2024 జూలై 1న దాని స్థానంలోకి వచ్చిన చట్టంలోనూ ఉంది.