కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతోందా? ముందు ఇవి చూడండి

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎండలకు మిర్చి దుమ్ము, పత్తి నూగు తోడైతే డెస్క్‌టాప్ చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. సేవ్ చేయని కొట్టు లెక్కలు పోయినట్టే.

వేడి: ఆన్ చేసిన కాసేపటికే ఆగుతుంటే ప్రాసెసర్‌ని అనుమానించాలి. సుమారు 100 డిగ్రీలు దాటితే అది కాలిపోకుండా తానే ఆగిపోతుంది. ప్లగ్ తీసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఫ్యాన్ తిరగకుండా పట్టుకుని బ్రష్‌తో దులపండి. తగ్గకపోతే థర్మల్ పేస్ట్ మార్పించండి.

కరెంటు: వోల్టేజి పడినప్పుడే ఆగితే యూపీఎస్ బ్యాటరీ చూడాలి. అది బాగానే ఉంటే ఎస్‌ఎంపీఎస్ మార్చి చూడండి. దాన్ని మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా షాక్ కొడుతుంది.

విండోస్: ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్-పవర్ 41' అని ఉంటే, సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అర్థం. కారణం అది చెప్పదు.

రిపేరుకు ఇచ్చే ముందు లెక్కలు, పిల్లల సర్టిఫికెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.