సమాఖ్యను నిలబెట్టబోయి కూల్చినవారు

1991 ఆగస్టు 19 ఉదయం మాస్కో రేడియో ఒక ప్రకటన వినిపించింది. అధ్యక్షుడు గోర్బచేవ్ అస్వస్థులైనందున ఉపాధ్యక్షుడు యనాయెవ్ ఆ బాధ్యతలు స్వీకరించారని, ఎనిమిదిమంది సభ్యుల అత్యవసర సంఘం పాలన చేపట్టిందని దాని సారాంశం. నిజానికి గోర్బచేవ్ క్రిమియాలోని ఫోరోస్ విడిదిలో నిర్బంధంలో ఉన్నారు.

ఆ తేదీని కుట్రదారులు ఊరకే ఎన్నుకోలేదు. రిపబ్లిక్కులకు అధికారాలు పెంచే నూతన సమాఖ్య ఒప్పందంపై మరునాడే సంతకాలు ప్రారంభం కావలసి ఉంది. ముందుగా సంతకం చేయవలసినవి మూడు: రష్యా, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్. అంతకుముందు మార్చి 17న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో మధ్య ఆసియా ముస్లిం రిపబ్లిక్కులు 90 శాతానికి మించి సమాఖ్య కొనసాగాలనే ఓటు వేశాయి. ముస్లిముల తిరుగుబాటు వల్లనే సోవియట్ రాజ్యం కూలిందని వ్రాసేవారు ఈ అంకెను ఎందుకో పట్టించుకోరు.

యెల్త్సిన్ ట్యాంకుపైకెక్కి కుట్రను ఖండించారు. ప్రజలు వీధుల్లో నిలిచారు. ముగ్గురు యువకులు ప్రాణాలు కోల్పోయారు. ఆగస్టు 21 నాటికి కుట్ర విఫలమయింది. దానితోపాటే ఆ ఒప్పందమూ అంతరించింది.

ఉప్పల్, నాచారం వంటి పారిశ్రామిక వాడలున్న హైదరాబాదుకు ఇది దూరదేశపు వార్త కాదు. బాలానగరులోని ఐ.డి.పి.ఎల్. ఔషధ కర్మాగారం సోవియట్ సహకారంతో వెలసినదే. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు తెలుగువారు, పదవి చేపట్టి రెండు నెలలు. భారత-సోవియట్ మైత్రీ ఒప్పందానికి ఇరవయ్యేళ్ళు నిండినది కూడా ఆ నెలలోనే. తొందరపాటుతో మార్పులు తలపెట్టేవారికి ఈ ఘటన హెచ్చరిక అనే భావం వచ్చేట్లు ఆయన మాట్లాడి విమర్శల పాలయ్యారు. అప్పటికి నెల క్రితమే తన ప్రభుత్వం పెద్ద ఆర్థిక సంస్కరణలకు పూనుకున్నది! జాగ్రత్త ఆయన స్వభావం. ఈసారి అది తప్పు అంచనాకు దారితీసింది.

మధ్య ఆసియాలో పర్యవసానం వేరు. కుట్రను ఎదిరించిన కిర్గిజ్ నేత అకాయెవ్ నిలిచారు. దానివైపు మొగ్గిన తాజిక్ నేత మహ్కమోవ్ పదవి పోగొట్టుకున్నారు. ఆగస్టు 31న ఉజ్బెకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. డిసెంబరు 8న రష్యా, ఉక్రెయిన్, బెలారుస్ నాయకులు సమాఖ్య ముగిసిందని సంతకాలు చేశారు. మధ్య ఆసియావారిని అడగనైనా లేదు. అందరికన్నా చివర, డిసెంబరు 16న, కజకిస్తాన్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అప్పటికి రష్యా శాసనసభ 1922 నాటి సమాఖ్య ఒప్పందాన్ని రద్దు చేసుకుని నాలుగు రోజులయింది.