తిరువణ్ణామలై బాలుడు, మా ఇంటి మేజా

మూడేళ్ళ క్రితం రంజాన్‌కు ముందు మా ఇంటికి ఒక పెట్టె వచ్చింది. దాని మీద 'గేమింగ్' అన్న మాట ఉందని మా అబ్బాయి చదివి వినిపించగానే అమ్మీ ముఖం మారిపోయింది. "ఖేల్నేకూ ఇత్తే పైసే?" అంది. ఆటలకు ఇంత డబ్బా అని. ఆ సవాల్‌కు నా దగ్గర జవాబుంది. మా అమ్మాయి రోజూ తిరుపతికి వెళ్ళి భవనాల డిజైన్ నేర్చుకుంటోంది. ఆ త్రీడీ బొమ్మలకు గట్టి గ్రాఫిక్స్ చిప్పు కావాలి. ఆ చిప్పున్న ల్యాప్‌టాప్‌లను బజారులో ఎక్కువగా గేమింగ్ పేరుతోనే అమ్ముతారు.

అమ్మీ రెండో సవాల్ దగ్గర మాత్రం ఆగిపోయాను. "ఇంట్లోంచి కదలని దానికి మోసుకుపోయే మిషన్ ఎందుకురా?" నిజమే. అది వచ్చిన రోజు నుంచీ మేజా మీదే ఉంది. అదే డబ్బుకు డెస్క్‌టాప్ కొనుంటే ఇంకా ఎక్కువ తాఖత్ ఉన్నది వచ్చేది. నేను చేసింది ఫిజూల్ ఖర్చేనా?

జవాబు కోసం కంప్యూటర్ల తారీఖ్ తిరగేస్తే మనకు బాగా తెలిసిన ఊరు తగిలింది. వడమాలపేట నుంచి చిత్తూరు, వేలూరు దాటి వెళ్తే తిరువణ్ణామలై. మా ఊరి హిందూ సోదరులు పౌర్ణమికి గిరి ప్రదక్షిణ కోసం వెళ్ళే ఊరు. రెండో ప్రపంచ జంగ్ రోజుల్లో అక్కడ రమణ మహర్షి ఆశ్రమం నీడలో ఒక తెల్లదొరల పిల్లవాడు పెరిగాడు. పేరు ఆడమ్ ఆస్బోర్న్. 1939లో బ్యాంకాక్‌లో పుట్టాడు. తండ్రి ఆర్థర్‌ను జపాన్ సైన్యం అక్కడ ఖైదు చేస్తే, తల్లి పిల్లలతో తిరువణ్ణామలైలో ఉండిపోయింది. ఆ బాలుడే తర్వాత ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ కెమికల్ ఇంజనీరింగ్ చదివి, కంప్యూటర్ల మీద కితాబులు రాసి, 1981 ఏప్రిల్‌లో 'ఆస్బోర్న్ 1' అనే మిషన్‌ను దునియా ముందు పెట్టాడు. మోసుకెళ్ళే కంప్యూటర్లలో బజారులో బాగా అమ్ముడుపోయిన మొదటిది అదే.

మోసుకెళ్ళేది అంటే ఏదో తేలికైన సామాన్ అనుకోకండి. బరువు దాదాపు 11 కిలోలు, అంటే పది కిలోల బియ్యం సంచి కంటే ఎక్కువ. అయిదంగుళాల తెర. రెండు ఫ్లాపీ డ్రైవులు. 64 కిలోబైట్ల మెమరీ, అంటే ఈ రోజు మీ ఫోనులోని ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. ధర 1,795 డాలర్లు. వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్ వంటి సాఫ్ట్‌వేర్ దాంతో పాటే వచ్చేది కాబట్టి అప్పటి లెక్కలో అది చౌకే. లీ ఫెల్సెన్‌స్టయిన్ అనే ఇంజనీర్ దాన్ని విమానంలో సీటు కింద పట్టేలా తయారు చేశాడు. మూత మూసి పిడి పట్టుకుంటే అచ్చం పెట్టెలో పెట్టిన కుట్టు మిషన్‌లా ఉండేది.

అసలు సంగతి ఏమిటంటే, దాని లోపల బ్యాటరీ లేదు. గోడకున్న ప్లగ్గే దిక్కు. తర్వాత 1983లో అమ్మకానికి వచ్చిన కాంపాక్ పోర్టబుల్ దానికంటే బరువు, పన్నెండు కిలోలు దాటింది. దానిదీ అదే హాల్. వీటిని ఎవరూ ఒళ్ళో పెట్టుకోలేదు. ఒక మేజా మీంచి ఇంకో మేజా మీదకు మోశారు, అంతే. అంటే మోసుకెళ్ళే కంప్యూటర్ల ఖాందాన్‌లో పెద్దలు మేజా మీదివాళ్ళే. ఒళ్ళో కూర్చునే సన్నని ల్యాప్‌టాప్‌లు తర్వాత పుట్టిన మనవలు.

ఆస్బోర్న్ కంపెనీ 1983 సెప్టెంబరులోనే దివాలా తీసింది. ఆయన 1992లో బీమారీతో హిందుస్తాన్‌కు తిరిగొచ్చి, 2003లో కొడైకెనాల్‌లో ఇంతఖాల్ అయ్యాడు. మన వార్తల్లో ఆయన పేరు ఎప్పుడూ విన్న యాద్ లేదు నాకు.

2000 తర్వాత ఆ పాత ఖాందాన్ మళ్ళీ లేచింది. కొన్ని కంపెనీలు డెస్క్‌టాప్ కోసం చేసిన పెంటియం 4 చిప్పునే ల్యాప్‌టాప్‌లో బిగించి అమ్మాయి. వేడి, బరువు, బ్యాటరీ చూస్తే గంటకే హాంఫట్. వాటినే డెస్క్‌టాప్‌కు బదులు ల్యాప్‌టాప్ అన్నారు. 2006లో ఆసుస్ కంపెనీ ఆర్‌ఓజీ పేరుతో ఆటల సామాన్ మొదలుపెట్టింది, డెల్ అదే ఏడు ఏలియన్‌వేర్‌ను కొనేసింది. ఈ పిచ్చి 2017లో ఏసర్ ప్రిడేటర్ 21 ఎక్స్ దగ్గర తారాస్థాయికి చేరింది: 21 అంగుళాల వంపు తెర, ఎనిమిది కిలోలు దాటిన బరువు, రెండు ఛార్జర్లు. దాన్ని ల్యాప్‌టాప్ అనడానికి ఎంత ధైర్యం కావాలో!

కొనేవాళ్ళకు ఒక్క మాట. పేరు చూసి ధోఖా పోకండి. డెస్క్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 4090 అంటే 24 జీబీ మెమరీ, ల్యాప్‌టాప్‌లో అదే పేరుకు 16. పెద్ద డబ్బాలో ఫ్యాన్లు తీసే వేడిని రెండంగుళాలైనా లేని పెట్టె తీయలేదు కదా. ప్లగ్గు పీకితే మా మిషన్ జోరు సగం కూడా ఉండదు. మే నెలలో దాని ఫ్యాన్ వింటే పక్కింటివాళ్ళు మిక్సీ వేశారనుకుంటాం. రెండో ఏడు బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచింది. రాత్రీ పగలూ నూరు శాతం ఛార్జింగ్‌లో ఉంచిన ఖుసూర్ నాదే. కొత్త బ్యాటరీ వేయించాక ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టాం. మీరు మొదటి రోజే ఆ పని చేయండి.

ఇక అమ్మీ సవాల్. మాది రెండు గదుల కిరాయి ఇల్లు. రాత్రి పడకలు వేయాలంటే మేజా గోడకు జరగాలి. ఈద్‌కు మెహ్మాన్లు వస్తే ఆ మేజా మీదే బిర్యానీ దేగ్చీ. అప్పుడు ల్యాప్‌టాప్ అల్మారా పైకి ఎక్కుతుంది. దాని సఫర్ మొత్తం అంతే: మేజా నుంచి అల్మారాకు, అల్మారా నుంచి మేజాకు. కరెంటు పోతే పిల్ల చేస్తున్న పని ఆరిపోకుండా బ్యాటరీ కాసేపు నిలబెడుతుంది. డెస్క్‌టాప్ పెట్టాలంటే మాకు యూపీఎస్ కావాలి, దానికంటే ముందు ఒక మూల కావాలి. ఆ మూల ధర దుకాణంవాడి బిల్లులో రాయరు.

ఇదంతా చెప్పినా అమ్మీ ఒప్పుకోలేదు. ఈ ఏడు మా అమ్మాయికి చెన్నైలో నౌకరీ వచ్చింది. ల్యాప్‌టాప్ ఎవరిది అని ఇంట్లో పంచాయితీ మొదలైంది. "అది ఇంటి కంప్యూటర్, మేజా మీదే ఉంది కదా, ఇక్కడే ఉండాలి" అన్నాడు తమ్ముడు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. అంత డబ్బు మళ్ళీ ఎక్కడ తేను?

అప్పుడు అమ్మీ తన కుట్టు మిషన్ వైపు చూపించింది. ఆమె నిఖాతో పాటు ఈ ఇంటికి వచ్చిన మిషన్ అది. జహేజ్ రివాజు మీద నా షికాయత్ నాకుంది, అది వేరే బాత్. కానీ అబ్బాజాన్ బీమారీ పడ్డ రెండేళ్ళూ మా చూల్హా వెలిగింది దాని మీదే. "మేరా థా, ఇస్కే వాస్తే చలా" అంది. నాది కాబట్టే నడిచింది అని.

ల్యాప్‌టాప్ అమ్మాయి వెంట వెళ్ళింది. ఛార్జర్ ఒక్కటే కిలో దాకా ఉంటుంది, బ్యాగులో పట్టలేదు. అమ్మీ పాత షర్వానీ గుడ్డతో దానికో సంచి కుట్టిచ్చింది. పుత్తూరు, నగరి మీదుగా చెన్నై వెళ్ళే బస్సులో ఆ పిల్ల దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

మేజా మీద ఇప్పుడు తమ్ముడి కితాబులున్నాయి. డెస్క్‌టాప్ కావాలని రోజూ గొడవ. ధరలు చూస్తున్నాను.